పుంగనూరు సభలో నేను మార్చిన మాట

మొన్న మదనపల్లెలో క్షవరానికి వంతు కోసం కూర్చుని, పక్కనున్న పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో అగ్గిపెట్టెంత వార్త కనబడింది. రష్యాలో న్యాయశాస్త్రం బోధిస్తూ రాజకీయాల్లోకి వచ్చి, ఎన్నికల్లో గెలిచి, ఆపైన తన దేశానికి రాయబారిగా పనిచేసిన పెద్దమనిషి కన్నుమూశాడట. ఫొటోలో జుట్టు తెల్లబడింది గాని, ఆ గుబురు కనుబొమల్ని నేను మరచిపోలేదు. మూడు రోజులపాటు ఆయనకు తెలుగు నోరు నేనే.

ఎనభైల చివరి సంవత్సరాలవి. నున్నటి కాగితం మీద అచ్చైన రష్యా పుస్తకాలు మన ఈడువాళ్ళ ఇళ్ళలో ఒకటో రెండో ఉండేవి, గుర్తుందా? మా మేనమామ మదనపల్లెలో పేరున్న ప్లీడరు, నేను ఆయన దగ్గర జూనియరును. మన దేశం చూడవచ్చిన ఆ ఆచార్యుడికి మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో సభలు పెట్టించింది మామే. ఆచార్యుడు ఇంగ్లీషులో మాట్లాడితే తెలుగులో చెప్పే పని నాకిచ్చాడు. మొదటి రోజు మదనపల్లెలో మోగిన చప్పట్లలో సగం నావేనని పొంగిపోయాను.

రెండో రోజు పుంగనూరులో, ప్రశ్నలడగమనగానే వెనక నుంచి లేచిన మనిషి నాకు బాగా తెలిసినవాడు. చౌడేపల్లె దగ్గర మా నాన్నతో కలిసి సేద్యం పనులు చేసినవాడు, నేను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. ప్రభుత్వం ఆయనకు పట్టా ఇచ్చిన రెండెకరాలను ఊరి పెద్దరైతు ఆక్రమించుకున్నాడు. ఆ పెద్దరైతు ప్లీడరు మా మామే. చేను వదులుకుంటే అందులోనే ఏడాదంతా కూలిపని ఇస్తామని రాసిన రాజీ కాగితం, నా చేతి రాతతోనే, మా ఆఫీసులో సిద్ధంగా ఉంది.

"అప్పా, నాకు చదువు లేదు. నా చేను పెద్దోళ్ళు పట్టుకోనుండారు. రాజీ కాయితం మింద ఏలిముద్ర ఎయ్యమంటాండారు. ఎయ్యాల్నా, వొద్దా? మీ దేశంలో అయితే ఏం జేస్తారు?"

"ఆయప్ప చెప్తే మన తాసిల్దారు ఇంటాడా?" అని ఎవరో అంటే జనం నవ్వారు. చిన్నాయన నవ్వలేదు.

నేను ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పాను. ఆచార్యుడూ నవ్వలేదు. తమ దేశంలోనూ కోర్టులు పెద్దల ముఖం చూసే తీర్పులు చెబుతున్నాయని, అది తప్పని రాసినందుకు తన ఉద్యోగం పోయినంత పనైందని, అయినా ఆ మనిషి వేలిముద్ర వేయకూడదని, చేను ఆయనది కాదనేదేదో జడ్జినే ఆయన ముఖాన చెప్పనివ్వమని, మెల్లగా, ఒక్కో మాటా నాకు అందేలా చెప్పాడు.

నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. వేదిక మీద ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళూ నేల చూశారు. సభంతా నా నోటి మాట కోసం కాచుకుని ఉంది. మామ నన్ను బెదిరించలేదు, సైగ కూడా చేయలేదు. ఆయన దగ్గర నా చోటు పోతుందన్న భయం పూర్తిగా నాదే.

"కొట్లాటల కంటే రాజీయే మేలంటున్నారు చిన్నాయనా" అన్నాను.

చిన్నాయన ఆచార్యుడికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి కూర్చున్నాడు. ఆ దండం ఎందుకో తెలియక ఆచార్యుడు నా వైపు చూసి, అంతా చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను.

మూడో రోజు కుప్పం సభ అయ్యాక, రైలెక్కే ముందు ఆయన మళ్ళీ ఆ మనిషి గురించే అడిగాడు. కోర్టుకు వెళ్తాడని ఇంకో అబద్ధమాడాను. సంతోషించి, తన పుస్తకం మీద "నా మాటను జనానికి చేర్చినవాడికి" అని ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఆ రష్యన్ పుస్తకంలో నేను చదవగలిగింది ఆ ఒక్క వాక్యమే, అదీ నిజం కాదు.

చిన్నాయన ఆ వారమే వేలిముద్ర వేశాడు. మరుసటేడు తన చేనిలోనే కూలికి కలుపు తీస్తూ నన్ను చూసి, "ఆ దేశపాయప్ప మంచి మాటే చెప్పినాడప్పా, కొట్లాట లేకుండా ఉండాది" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తలూపి వచ్చేశాను.

ఆ చేను ఇప్పుడు రాళ్ళు పాతిన ప్లాట్లు. ఫోను ముందు మాట్లాడితే ఏ భాషైనా తెలుగులో వినిపిస్తోంది, మధ్యలో నాలాంటివాడి అవసరం లేదు, మంచిదే. మామ లేడు, చిన్నాయన లేడు, ఇప్పుడు ఆచార్యుడూ లేడు. ఆ రోజు ఆయన అన్నదేమిటో చెప్పడానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఇన్నేళ్ళకు, వినాల్సినవాడు లేని సభలో, దాన్ని తెలుగులో చెబుతున్నాను: వేలిముద్ర వేయొద్దు, చిన్నాయనా.