ఇంట్లో చేసిందే అని చెప్పాను

ఆ రోజు జ్వరంతో ఉన్న స్నేహితుడికి అబద్ధం చెప్పి ప్రసాదం తినిపించాను. అది తప్పని తెలియక కాదు.

దానియేలు, నేను హైటెక్ సిటీలో ఒకే టీమ్‌లో పనిచేస్తాం. అతనిది తెనాలి, నాది కర్నూలు. కొండాపూర్‌లో ఒక్కడే ఉంటాడు. ఓ సోమవారం మీటింగ్‌లో ఏసీ ఆపమన్నాడు. కళ్ల వెనక నొప్పి అన్నాడు. సాయంత్రానికి వణుకు మొదలైంది. డెంగ్యూ పాజిటివ్ వచ్చింది. మూడు రోజులకు ప్లేట్‌లెట్స్ పడిపోతుంటే ఆసుపత్రిలో చేర్చాను.

"పరేషాన్ గాకుండ్రి, అవే పెరుగుతయ్. నోటితోని ఏమన్న తినిపియ్యుండ్రి" అన్నారు డాక్టర్. కానీ ఏం పెట్టినా వాంతి.

మర్నాడు అమ్మ గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి డబ్బాలో సర్ది ఇచ్చింది. అతను ప్రసాదం తినడని నాకు తెలుసు. నల్లగండ్లలో మా గృహప్రవేశానికి వచ్చి, కడుపునిండా భోంచేసి, ప్రసాదం దగ్గర మాత్రం "వద్దన్నా" అని నవ్వుతూ చేయి అడ్డం పెట్టాడు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

"ఇంట్లో చేసిందే" అన్నాను. తిన్నాడు. కడుపులో నిలిచింది. అతను తిన్నాడన్న సంతోషంతో పాటు నా పంతం నెగ్గిందన్న సంతోషం కూడా నాలో ఉంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. "స్వామి ప్రసాదం తిన్నావంట గదా నాయనా, ఇంగ తగ్గిపోతాదిలే."

"థాంక్సండి అమ్మగారూ" అన్నాడు దానియేలు. ఫోన్ పెట్టేశాక నావైపు చూశాడు.

"దేవుడు ఒక్కడే గదరా" అన్నాను.

"అది నీ నమ్మకం అన్నా. నాది వేరు. అడిగుంటే వద్దనేవాణ్ణి. అందుకేగా నువ్వు అడగలేదు?"

ఆ తర్వాత నేనేం తెచ్చినా "ఆకలి లేదన్నా" అనేవాడు. కౌంట్ ఇంకా తగ్గింది. "ఏం తింటలేడేంది?" అని డాక్టర్ నన్నే అడిగారు.

ఇంటికెళ్లి, దేవుడికి చూపించకుండా కాస్త జావ కాచివ్వమని అమ్మని అడిగాను. "జబ్బు మనిషికి పోయేది స్వామికి చూపకుండా ఎట్ల పంపేదిరా?" అంది. ఆమె నమ్మకం ఆమెది. ఆమెతో వాదించలేదు. ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి నా దగ్గరే ఉన్న తాళంచెవితో దానియేలు ఫ్లాట్ తీసి, అతని పొయ్యి మీద, అతని గిన్నెలో నేనే జావ కాచాను.

"నీ వంటింట్లోనే చేశాను. ఏ దేవుడి ముందూ పెట్టలేదు. మొన్న అబద్ధం చెప్పాను, తప్పు నాదే" అన్నాను. అతను కళ్లు మూసుకుని తన ప్రార్థన చేసుకున్నాడు. క్షమించానని అనలేదు. చెంచా అందుకున్నాడు.

"ఉప్పేది?" అన్నాడు కాసేపటికి.

నా జావ వల్ల కాదు గానీ, డాక్టర్ చెప్పినట్టే ప్లేట్‌లెట్స్ పెరిగాయి. నీరసం మాత్రం చాలా రోజులు వదల్లేదు. ఇప్పుడు ఆఫీసుకు వస్తున్నాడు.

రోగిని చూసుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. ఏం పెట్టినా అదేమిటో చెప్పి, అడిగి పెట్టండి. వద్దంటే ఆ మాట వినండి.

కొన్ని ఆదివారాలు చర్చి అయ్యాక మా ఇంటికి వస్తాడు. ఆ రోజు అతనికి వండేది నేనే. నైవేద్యం గిన్నె పక్కకు జరిపి అమ్మే చెబుతుంది: "ఇది స్వామికి పెట్టింది నాయనా, నీది ఆ గిన్నెలో ఉండాది. వీడు చేసినాడు, ఉప్పు చూసుకోని తిను."