సాంచ మీది నీలి గీత

దయ్యాలను నమ్మడానికి నాకెప్పుడూ తీరిక దొరకలేదు. ఎందుకంటే మా వాడకట్టులో దయ్యాలను పుట్టించేదే నేను. షోలాపూర్ నీలం నగర్‌లో నలుగురు ఆడోళ్ళం కూర్చుని బీడీలు చుడుతుంటే, కథ లేకపోతే చేతులు సాగవు. మోరీలో ఏడ్చే పిల్ల, అక్కల్‌కోట్ రోడ్డు మీద రిక్షా ఎక్కి మాయమయ్యే ముసలమ్మ, అన్నీ నా చాట ముందు పుట్టినవే. అందుకని ఇప్పుడు నేను చెప్పేది మీరు నమ్మకపోతే తప్పు మీది కాదు.

మా మరిది శంకర్‌ది ఇంటి వెనక రేకుల షెడ్డులో కార్ఖానా. అందులో ఒక్కటే సాంచ. సాంచ అంటే కరెంటు మగ్గం. దాని మీద తువ్వాళ్ళు నేస్తుండె. ఒకసారి పూణే నుంచి ఒకాయన చీకట్లో వెలిగే నూలు తెచ్చి, చాదర్ నమూనా ఒకటి నేసిపెట్టమన్నడు. ఆ నూలుకు పూసిన పొడిలో బిస్మత్ అనే లోహం చిటికెడు కలిపి కాలుస్తరట. ఆ చిటికెడు లేకపోతే అది ఉత్త తెల్లపొడి. ఉంటే మాత్రం వెలుతురు తాగుతది, చీకటి కాగానే మెల్లమెల్లగా నీలం రంగులో వదులుతది. తడి తగిలితే మురిగిన గుడ్డు వాసన. నమూనా ఆయనకు నచ్చలేదు, మళ్ళీ రాలేదు. మిగిలిన నూలు కండెలు అటక మీదికి ఎక్కించినం.

తర్వాత కొన్నాళ్ళకు శంకర్ ఆ సాంచ దగ్గరే గుండె ఆగి పోయిండు. తువ్వాల సగం నేసి ఉండె.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పోయినోడు మొదలుపెట్టిన పడుగును మనవాళ్ళు ఎవరో ఒకరు నేసి ముగించాలె, అప్పటిదాకా బట్ట కోయరు. శంకర్ భార్య రేణుక నా తోడికోడలు. ఆమె తమ్ముడు దాజీ పేట్‌లో ఉంటడు. అతనొచ్చి, "నేను ముగిస్త అక్కా, సాంచ మళ్ళ నడుస్తది, ఇల్లు నడుస్తది" అన్నడు. రేణుక సరేనన్నది. అంతా అట్ల కుదురుకుంటున్నప్పుడు నా చేతులు ఊరుకోలేదు.

వానాకాలం. జల్లు కొడుతుందని తలుపులు మూసి, ట్యూబ్‌లైట్ కింద బీడీలు చుడుతున్నం. ఆ రోజు కంపెనీ దారం పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా అటక మీది నూలుతో నా బీడీలు కట్టిన. వాన పడితే కరెంటు పోతదని తెలుసు కదా. పోయింది. నా చాటలో బీడీల నడుములన్నీ నీలంగా వెలిగినవి.

పక్కింటి రాజవ్వ ఎగిరిపడి తన చాట బోర్లేసింది. "ఏందే ఇది, నీ పాడుగాను?"

"మా శంకర్. వచ్చి దారం చుట్టిపోయిండు" అన్న.

"నీ కథలు మండ, తంబాకంతా నేలపాలాయె" అని అందరూ నవ్విన్రు.

మాతో చుడుతున్న రేణుక నవ్వలేదు. "ఎక్కడికొచ్చిండు అక్కా?" అని అడిగింది.

ఆ గొంతు విన్నప్పుడే ఉన్నమాట చెప్పాల్సింది. నలుగురిలో చిన్నబోవడం ఇష్టం లేక, "కార్ఖానాకు" అన్న.

మరునాటి నుంచి రేణుక వంట కాగానే కార్ఖానాలోకి పోయి, షట్టర్ దించుకుని చీకట్లో కూర్చునుడు మొదలుపెట్టింది. తమ్ముడిని సాంచ ముట్టనియ్యలేదు. "ఆయనే వచ్చి ముగించుకుంటడు, నువ్వు పో" అన్నది. అన్నం కంచంలో అట్లనే ఎండిపోయేది. మనిషి చీపురుపుల్ల లెక్క అయింది. నేను చాట ముందు కూర్చుంటే ఆడోళ్ళు కథ చెప్పమన్నరు, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక తట్టుకోలేక ఒక మధ్యాహ్నం ఒక కండె తీసుకుని ఆమె దగ్గరికి పోయిన. షట్టర్ దించి, ఫోన్ టార్చి కండె మీద వేసి ఆర్పిన. నీలంగా వెలిగింది. "ఇదే రేణుకా, ఆ రోజు నువ్వు చూసింది. మందు పూసిన నూలు. శంకర్ రాలేదు. నేనే కట్టిన" అని చెప్పిన.

ఆమె కండెను వేలితో తాకి చూసింది. తర్వాత సాంచ వైపు తల తిప్పి, "మరి అదేంది అక్కా?" అన్నది.

సగం నేసిన తువ్వాల మీద అదే నీలం. అరచేయంత వెడల్పు గీత, ఎడమ అంచు నుంచి మొదలై నడిమికి వచ్చి ఆగింది. శంకర్ నేస్తూ నేస్తూ బట్టను అట్లనే నిమిరేటోడు, తెగిన పోగు ఉంటే చేతికి తగులుతదని.

ఆ తువ్వాల ఉత్త నూలుది. పూణే నమూనా అయిపోయిన చాలా రోజులకు ఎక్కించిన పడుగు. అయినా పొడి రాలిందేమో అనుకుని, కొంగు తడిపి రుద్దిన. వాసన రాలేదు, చేతికి ఏమీ అంటలేదు. టార్చి వేసి ఆర్పిన. నా చేతిలో కండె ఇంకా ఎక్కువ వెలిగింది. గీత పెరగలేదు, తగ్గలేదు.

"అది గూడ నువ్వేనా?" అని అడిగింది రేణుక.

ఆమె మొఖం చూసిన. కాదంటే ఇక ఆ చీకట్లోంచి లేవదని అర్థమైంది.

"ఔ, నేనే" అన్న.

"నీ నోట్లె మన్ను వడ" అని నా భుజం మీద గుద్ది గుద్ది ఏడ్చింది. తర్వాత తనే లేచి షట్టర్ ఎత్తింది. వెలుతురులో బట్ట తెల్లగా, మామూలుగా ఉన్నది.

రేణుక తమ్ముడు వచ్చి తువ్వాల ముగించి కోసిండు. కోస్తూ, "బావ పనిలో తప్పు ఉండదే, ఇక్కడ ఒక పోగు తెగి ఉన్నది చూడు" అని చూపించిండు. నేను చూసిన. గీత ఆగిన చోటే.

ఇప్పుడు సాంచ నడుస్తున్నది. రేణుక కండెలు చుడుతున్నది, తింటున్నది, నవ్వుతున్నది. "అందరికీ అబద్ధాలు చెప్తది గాని, నాకోసం మా అక్క నిజం ఒప్పుకున్నది" అని వాడకట్టంతా చెప్పుకుంటది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఆకు కత్తిరిస్తున్నట్టు తల దించుకుంట.

ఆ గీత ఏందో నాకు ఇప్పటికీ తెల్వదు. మందు కాదు, నా చేతి పని కాదు, అంతవరకే చెప్పగలను. ఒకవేళ వచ్చింది ఆయనే అయితే, ఎవరి కోసం వచ్చిండో ఆమెతోనే, రాలేదని చెప్పిన మనిషిని నేను.