సున్నా అక్క రక్తంలో లేచిన గుట్ట

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో పాతికేళ్ళ కుర్రాడు కనిపిస్తే ‘తిన్నావా’ అని అడగడం మానేసి ‘ఏ కోర్సులో చేరావు’ అని అడిగేవారు. మా విజయనగరం నుంచి నాతోపాటు రైలు దిగిన ముగ్గురూ జావాలో చేరిపోయారు. నేనొక్కణ్ణే, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పాపానికి, బోయిగూడలో ఒక పాత మేడ మీద రక్తపు చుక్కలకు కరెంటు పెట్టే ఉద్యోగంలో చేరాను. (మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళకు ‘మావోడు కంప్యూటర్ ముందర కూకుంటాడు’ అని చెప్పుకునేది. అది అబద్ధమేమీ కాదు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉద్యోగం కన్నా, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని నేను పడ్డ భయమే ఎక్కువ గుర్తుంది.

మేడ కింద కోచింగ్ సెంటరు, పైన మేము ముగ్గురం. కాలేజీ కొలువు వదిలేసి ల్యాబ్ పెట్టిన సార్, టెక్నీషియన్‌గా ఉన్న అక్క, నేను. అక్కది బన్సీలాల్‌పేట్. క్యాన్సర్ రోగులకు మెథోట్రెక్సేట్ అని ఒక పచ్చటి మందు ఇస్తారు. అది వేళకు ఒంట్లోంచి దిగిపోవాలి, దిగకపోతే రోగాన్ని చంపాల్సిన మందు మనిషిమీద పడుతుంది. ఎంత దిగిందో ఆసుపత్రిలో పెద్ద మెషీన్ మీద చూస్తారు. దాన్ని వేలెడంత పట్టీ మీద, ఒక్క చుక్కతో చూడాలన్నది సార్ పట్టుదల. చుక్క వేసి కరెంటు పెంచుతూ పోతే స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకేది. మందు ఉంటే ఒక చోటుకి రాగానే గుట్టలా లేచేది, లేకపోతే చదునుగా పోయేది. చదును గీత ఎలా ఉంటుందో తెలియడానికి రోజూ మందు లేని రక్తం ఒక చుక్క కావాలి. ఆ చుక్క అక్కది. పొద్దున్నే వచ్చి, వేలు గుచ్చుకుని, ‘తీస్కో తమ్మీ, నీ సున్నా’ అనేది. నేను ఆమెకు సున్నా అక్క అని పేరు పెట్టుకున్నాను, ఎదురుగా అనే ధైర్యం మాత్రం లేదు.

ఒక మంగళవారం సున్నా సున్నాగా రాలేదు. గీత మామూలుగానే పాకింది, కింద పిల్లలు ఏదో కోడు వల్లిస్తున్నారు, సార్ పోస్టాఫీసుకు వెళ్ళారు, అక్క సింకు దగ్గర గ్లాసులు కడుగుతోంది. మందు కనబడాల్సిన చోటుకి రాగానే గీత ఒక్క క్షణం ఆగినట్టయి, మెల్లగా తల ఎత్తింది. పట్టీ మార్చాను. లేచింది. ద్రావణం పారబోసి కొత్తది కలిపాను. లేచింది. నా వేలు గుచ్చుకుని నా చుక్క వేశాను, సంకురుమయ్య పొలంలా చదునుగా పోయింది. (సంకురుమయ్య మా ఊళ్ళో ఏమీ పండించని రైతు.) మళ్ళీ అక్క చుక్క వేశాను. అదే చోట, అంతే నిదానంగా, లోపల ఎవరో నిద్ర లేస్తున్నట్టు గుట్ట లేచింది. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ కీబోర్డు మీద పడుతోంది, నా వీపుకి మాత్రం చలి పుట్టింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ గుట్ట ఎక్కడో చూసినట్టు అనిపించి పాత కాగితాలు తిరగేశాను. ఆసుపత్రి నుంచి వచ్చే రక్తపు గొట్టాలకు పేర్లుండవు, అంకెలే. పదిహేడో అంకె మనిషి గొట్టం పది రోజులుగా రావడం లేదు. ఎందుకు రావడం లేదో అడగడానికి నాకు నోరు రాలేదు, నాకు తోచిన కారణం ఒక్కటే. ఆ మనిషి చివరి కాగితాన్ని అక్క కాగితం మీద పెట్టి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. రెండు గుట్టలూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. పోయిన మనిషి రక్తంలోని మందు బతికున్న మనిషి రక్తంలోకి ఎలా వచ్చిందని ఆలోచిస్తుంటే, వెనక నుంచి ‘ఏంది తమ్మీ, గట్ల చూస్తున్నవ్?’ అని అక్క గొంతు. కాగితాలు జారి కింద పడ్డాయి.

ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కదా, దెయ్యాల మాట పక్కన పెట్టి సైన్సు పద్ధతిలో ఆలోచించాను. సైన్సు పద్ధతి ఇంకా భయపెట్టింది. అక్క వారం రోజులుగా చాయ్ వాసనకే మొహం తిప్పుకుంటోంది. బాత్రూములో కక్కుకుని, కళ్ళు తుడుచుకుని వస్తోంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ సాయంత్రం ఆమె సంచిలోంచి చిన్న పచ్చ బిళ్ళ తీసి, అటూ ఇటూ చూసి, గుటుక్కున మింగడం నా కళ్ళతో చూశాను. మా సీసాలో మందూ పచ్చగానే ఉంటుంది. ఇంకేం కావాలి? అక్కకు క్యాన్సర్, మాకెవరికీ చెప్పకుండా మందు మింగుతూ, తన రక్తాన్నే మాకు సున్నాగా ఇస్తోంది. ఆ రాత్రి మా అమ్మకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, తెలిసినావిడకు రక్తం తగ్గిందని చెప్పాను. ‘బొప్పాయి పెట్టరా నాయినా, రక్తం పడతాది. మీ తాతకి అదే పెట్టినాం’ అంది అమ్మ.

మర్నాడు మోండా మార్కెట్లో ఏరి ఏరి ఒక పెద్ద బొప్పాయి కొన్నాను. సార్ ఇంకా రాలేదు. దాన్ని రెండు చేతులతో అక్క చేతిలో పెట్టి, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని, ‘నాకు తెలుసక్కా. ఎన్నాళ్ళని దాస్తారు? మీ రక్తంలో కనబడింది’ అన్నాను. అక్క నా మొహం చూసింది, పండు చూసింది. మనిషి మొహంలోంచి నెత్తురు దిగిపోవడం నేను అప్పుడే చూశాను. పండును తేలు పట్టుకున్నట్టు బల్ల మీద వదిలేసి, ఒక చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకుని, ‘ఎవలు చెప్పిన్రు నీకు?’ అంది. ‘ఎవరూ చెప్పలేదక్కా. నేనే చూశాను’ అన్నాను. ఆమె సంచి తీసుకుని, గోడకు ఆనుకుంటూ, నాకు వీపు చూపించకుండా మెట్లు దిగిపోయింది. నేను చేసిన మంచిపనికి నా కళ్ళు చెమర్చాయి.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు సార్‌కు అంతా చెప్పేశాను. ఇద్దరం బన్సీలాల్‌పేట్‌లో ఆమె ఇంటికి వెళ్ళాం. దారి పొడుగునా, ఏ వాకిట్లో జనం గుమిగూడి కనిపిస్తే అదే ఇల్లేమో అని నా గుండె ఆగుతూనే ఉంది. తలుపు తీసింది అక్కే. నన్ను చూడగానే ఒకడుగు వెనక్కి వేసింది. సార్ నెమ్మదిగా ‘అమ్మా, ఏ ట్రీట్‌మెంట్ అయినా మేమున్నాం, కానీ ఆ టాబ్లెట్స్ ఏంటో ఒకసారి చూపించు’ అన్నారు. ఆమె లోపలికి వెళ్ళి బిళ్ళల పట్టీ తెచ్చింది. సార్ కళ్ళద్దాలు సర్దుకుని వెనకవైపు చదివారు. ఫోలిక్ యాసిడ్. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే విటమిన్.

‘రెండుసార్లు పోయినయ్ సార్,’ అంది అక్క, తల వంచుకుని. ‘మూడు నెలలు నిండేదాంక ఎవలకు చెప్పొద్దనుకున్న. సిద్దిపేటల ఉన్న మా అత్తమ్మకు సుత తెల్వదు. గసుంటప్పుడు ఈ తమ్మి బొప్పాయి చేతుల పెట్టి, నీ రక్తంల కనబడింది అంటే నాకెట్లుంటది? కడుపుతోని ఉన్నోళ్ళకు అది పెడ్తరా ఎవలన్న? ఎవలో నా కడుపు చూడలేక పంపిన్రనుకున్న. మూడు రోజులు పండుకోలే.’ నేను నేలలోకి కూరుకుపోవడానికి చోటు వెతుక్కున్నాను. అక్కడంతా షాబాద్ బండలే.

సార్ నన్ను తిట్టలేదు. ఆ బిళ్ళల పట్టీని తిప్పి తిప్పి చూసి, అసలు సంగతి విప్పి చెప్పారు. మా మందు ఆ విటమిన్‌కు దగ్గరి చుట్టం. దాని వేషం వేసుకునే ఒంటిని మోసం చేస్తుంది, మా పట్టీ కూడా అలాగే మోసపోయింది. అంతకన్నా పెద్ద సంగతి, మందు విషం విరగడానికి రోగులకు తర్వాత ఇచ్చేది కూడా ఆ విటమిన్ చుట్టమే. పదిహేడో మనిషి చివరి గుట్ట మందు కాకపోవచ్చు, విరుగుడు కావచ్చు. ‘అరె, ఈ అమ్మాయి చెప్పకపోతే మన పట్టీ ఆసుపత్రికి వెళ్ళి, మందు దిగినవాళ్ళకు దిగలేదని చెప్పేది కదా’ అన్నారు. ఏడాది పని పోయింది. ‘జెర నీళ్ళు తాగుండ్రి సార్’ అని అక్కే ఓదార్చింది.

మూడు నెలలు నిండేదాకా మేమిద్దరం నోరు విప్పలేదు. లాగ్ పుస్తకంలో కారణం రాయాల్సిన చోట సార్ ‘సున్నా మార్చాలి’ అని మాత్రం రాశారు. ఆ రోజు నుంచి సున్నా నేనే. పదిహేడో మనిషి సంగతి తర్వాత ధైర్యం చేసి అడిగాను. నిజామాబాద్‌లో లారీ నడుపుకుంటున్నాడట. (అన్నాళ్ళూ మనసులో తద్దినం పెట్టినందుకు ఆయనకు క్షమాపణ చెప్పుకునే వీలు దొరకలేదు.)

పోయిన నెల అక్క కూతురు ఇంజినీరింగ్ పాసైన విందుకు వెళ్ళాను. అక్క ఆల్బమ్ తెచ్చింది. స్కానింగ్ ఫోటో కన్నా ముందు పేజీలో, రంగు వెలిసిన మా కాగితం అతికించి ఉంది, చదును గీత మీద ఒక్క గుట్ట. ‘ఇదేంది అంకుల్?’ అని అడిగింది ఆ పిల్ల. ‘నువ్వు వస్తున్నావని మొదట భయపడింది నేనే’ అన్నాను. అక్క నవ్వుతూ, కోసిన బొప్పాయి ప్లేటు నా ముందు పెట్టింది. తినే ముందు నా బిళ్ళల డబ్బా తీశాను, బీపీకి ఒకటి, షుగరుకు రెండు, కొలెస్ట్రాల్‌కు ఒకటి. అక్క వాటిని వేలితో లెక్కపెట్టి, ‘తమ్మీ, ఇగ నువ్వు సున్నాకు పనికిరావు’ అంది.