గెట్టు వట్టుకొని పో

మా ల్యాబ్ సీనియర్ అక్కది నర్మెట్ట. ఏ కష్టం చెప్పుకున్నా ఆమె సలహా ఒక్కటే: "గెట్టు వట్టుకొని పో." అంటే పొలం గట్టు వెంటే నడువు అని. క్యాంటీన్‌కు దారి అడిగినా అదే.

ఆమె పరిశోధన కూడా పొలం గెట్టు గురించే, కాకపోతే అక్కడ పొలమే లేదు. ఫైబర్ చుట్టలో వెలుగు తిరుగుతుంది. ఒక్కో రంగు ఒక్కో మడి. వెలుగు రంగు మార్చుకుంటే పక్క మడిలోకి దాటినట్టు. అంచు మడుల వెంట, అంటే గెట్టున, పోయే వెలుగు అడ్డం వచ్చినా వెనక్కి తిరగకూడదు. తిరిగిందా, మూడేళ్ల థీసిస్ మళ్లీ మొదటికి.

ప్రయోగం చేసి చూపే రోజున వాళ్ల బాపు వచ్చారు. ఊళ్లో పక్క పొలం వాడితో ఇరవై ఏళ్లుగా గెట్టు పంచాయితీ నడుపుతున్న మనిషి. అక్క అంచున ఒక మడిని కావాలనే చెడగొట్టింది. తెర మీద వెలుగు అక్కడిదాకా వచ్చి, దాన్ని చుట్టి, ముందుకే పోయింది. మేము గంతులేశాం. మా గైడ్ కళ్లద్దాలు తుడుచుకున్నారు, అది ఆయన గంతు.

బాపు తెరను పరీక్షగా చూశారు.

"గెట్టుకు అవుతల ఎవలున్నరు బిడ్డా?"

"ఎవ్వలు లేరు బాపు. అవుతల ఏం లేదు."

ఆయన మొహం వెలిగిపోయింది.

"పక్కోడే లేని గెట్టా? థీసిస్ తర్వాత రాసుకుందువు గాని, ముందుగాల పట్టా చేయించుకో."