నాయన ముద్దాయి

వానలో తడిసిన నల్లకోటును పుంగనూరు కోర్టు వరండాలో కుర్చీ మీద ఆరేశాను. ఆ తడి వాసనకు నాయన గుర్తొచ్చాడు.

మదనపల్లెలో నాయన క్రిమినల్ లాయరు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. బడి నుంచి వచ్చాక నేను మెట్ల మీద కూర్చుని, నాయన ఎప్పుడొస్తాడా అని వీధి మలుపు వైపు చూస్తూ ఉండేదాన్ని. ఒక ఏడాదంతా నాయన నోట ఎప్పుడూ ఒకటే మాట, 'మా ముద్దాయి'. ముద్దాయి జైల్లో అన్నం ముట్టడం లేదట, ముద్దాయికి జ్వరమట. ముద్దు చేసే మనిషిని అలా అంటారనుకున్నాను. నన్నెప్పుడూ అలా పిలవలేదు.

ఒక సాయంత్రం పక్కింటాయన గేటు దగ్గర నాయనను ఆపాడు. "సొంత అన్నను సంపినోడి పక్కన యాల నిలబడతాండావు లాయరప్పా?"

"సంపినాడో లేదో కోర్టు తేల్సల్ల గదప్పా. వాళ్ళూరు కుప్పం నుంచి ఆయప్ప కోసరం ఒక్కరూ రాలేదు. నేను గూడా పోకుంటే ఇంగెవురుండారు?"

ఆయన వెళ్ళాక నాయన కోటు అంచు పట్టుకుని అడిగాను. "నాయనా, నేను గూడా నీ ముద్దాయినే కదా?"

నాయన నవ్వలేదు. "ఆ మాట అనగూడదు పాపా" అని కోటు విప్పి నా చేతికిచ్చి, లోపల కాగితాల ముందు కూర్చున్నాడు. ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని నేను మెట్ల మీదే ఉండిపోయాను.

ఇంతలో నా కేసు పిలిచారు. ఆరని కోటే తొడుక్కుని వెళ్ళాను. బోనులో నా ముద్దాయి జడ్జిగారిని చూడడం లేదు, తలుపు వైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. మా ఇంటి మెట్ల మీద నేర్చుకున్నదే.