ఎనిమిదో మోత

దాచేపల్లి శివార్లలోని ముసలివాళ్ల ఆశ్రమంలో రషీదా ఆయాగా చేరి ఏడేళ్లయింది. లారీ కింద పడి భర్త పోయాక, పిల్లలు లేని ఇంటికి తాళం వేసి వచ్చేసింది. పాతికమందికి నీళ్లు పోస్తుంది, బట్టలు మారుస్తుంది, అన్నం కలిపి తినిపిస్తుంది. తన అన్నం మాత్రం మూడింటికి, అందరూ కునుకు తీసేటప్పుడు, వంటింటి గడప మీద ఒక్కతే కూర్చుని తింటుంది.

పందొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలంలో బక్కయ్యను తెచ్చి చేర్చారు. ముప్పై ఏళ్లు క్వారీలో రాయి పేల్చిన మనిషి. ఊరూ పేర్లూ మరిచాడు గానీ, రాయి పేల్చే ముందు అందర్నీ దాక్కోమని కూసే సైరన్ మరవలేదు. ఒంటిగంటకు అవతలి క్వారీలో అది కూయగానే, దాక్కోవడానికి గేటు దాటి లారీలు తిరిగే రోడ్డు మీదికి పరుగెత్తేవాడు. రెండుసార్లు పడ్డాడు.

“ఆ అరగంటా మంచానికి కట్టెయ్,” అన్నాడు వార్డెన్ రాఘవయ్య, పాత చీర పేలిక చేతికిచ్చి.

రషీదా కట్టింది. సైరన్ మోగింది. బక్కయ్య గింజుకుంటూ, “నా సంగతి వదిలెయ్, నువ్వన్నా పో అమ్మా! రాళ్లు పడతయ్!” అని అరిచాడు.

మర్నాడు ఆమె కట్టలేదు. సైరన్‌కు ముందే చెయ్యి పట్టుకుని బియ్యం బస్తాల గదిలోకి తీసుకుపోయింది. ఇద్దరూ గోడవార కూర్చున్నారు. అతను వేళ్లు మడిచి పేలుళ్ల మోతలు లెక్కపెట్టాడు. ఎనిమిది. “ఇంక పోదాం పా,” అని తనే లేచాడు. ఆ తర్వాత రోజూ అంతే. ఆ కాసేపు పక్కన ఒక మనిషి కూర్చోవడం ఆమెకు అలవాటైంది.

ఒకరోజు ఏడే వినిపించాయి.

“ఒకటి పేలలా. ఎప్పుడన్నా పేలుద్ది, కదలమాక,” అంటూ బక్కయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముప్పావుగంట గడిచింది. అవతలి గదిలో ముసలి ధనమ్మ తడిసిన పక్క మీద ఏడుస్తోంది.

రాఘవయ్య పేలికతో తలుపు దగ్గరికొచ్చాడు. “ఏంది రషీదా, నీ చుట్టమా ఏంది? ఒక్కడి కోసం అందర్నీ మాడుస్తావా? ఇప్పుడు తీసుకురాకపోతే రేపట్నుంచి నేనే కడతా.”

‘రేపు నీ కొడుకొస్తాడు’ అని ఊరడించే అబద్ధం కూడా రషీదా ఇక్కడ ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు.

“తాతా, ఎనిమిదోది పేలింది. నేను విన్నా,” అంది.

“నీకు ఇనపడ్డదా?”

“ఆఁ.”

బక్కయ్య ఆమె చెయ్యి వదిలాడు. “అయితే ముందు నువ్వు నడువు. పేలిందని చెప్పినోళ్లే ముందు నడవాల. క్వారీలో అదే కాయిదా.”

రషీదా ఎండలోకి వచ్చింది. ఖాళీ వాకిట్లో ఒక్కతే అటు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగింది. బక్కయ్య తలుపు చాటు నుంచి ముందు ఆకాశం వంక, తర్వాత ఆమె వంక చూసి, మెల్లగా గడప దాటాడు. దగ్గరికొచ్చి, రాతిపొడి ఏమన్నా పడిందేమోనని ఆమె తల తడిమాడు. ఆమె అతని ముఖంలోకి చూడలేకపోయింది.