ఆర్పడమే తెలిసిన పెద్దల్లుడు

పెద్దల్లుడికి ఈ లోకంలో రెండంటే పడదు: నిప్పు, తోడల్లుడు. నిప్పునైనా ఎప్పుడో ఒకప్పుడు క్షమించేవాడేమో గాని, తోడల్లుణ్ణి మాత్రం ససేమిరా.

ఇద్దరూ అడవి కాపలాదార్లే. మామగారు కూడా అక్కడే కాపలా కాసి పోయినవాడు. అందుకని క్వార్టర్సులో చిన్నాపెద్దా అంతా వాళ్ళని పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేవాళ్ళు, తామే పిల్లనిచ్చినట్టు. జీపు బాటకి ఇవతలి అడవి చిన్నల్లుడి వాటా, అవతలిది పెద్దల్లుడి వాటా. ఇళ్ళు మాత్రం ఒకే గోడకి అటూ ఇటూ. ఒకడు దగ్గితే రెండోవాడు కిటికీ ధడాలున మూసేవాడు. వైరానికి మొదలేమిటని అడిగితే చెరో కథ చెప్పేవాళ్ళు. రెండింట్లోనూ తప్పు అవతలివాడిదే. పాపం అక్కచెల్లెళ్ళు పెరటి వైపు గుసగుసగా మాట్లాడుకుని, మొగుళ్ళ ముందు మూతులు ముడుచుకునేవాళ్ళు.

ఎక్కడ పొగ లేచినా పెద్దల్లుడు తింటున్న కంచం వదిలేసి పరిగెత్తేవాడు. "నా వాటాలో నిప్పు కాలు పెట్టిందేమో చూపించండి" అని మీసం మెలేసేవాడు. ఆ వాటా నడుమ ముసలి చెట్లున్నాయి. ఇద్దరు చేతులు కలిపినా చుట్టు అందదు. ఆ మనిషి నోటికి జడిసి పారిపోయేవాళ్ళు కూడా ఆ చెట్లని అతను ప్రాణంలా చూసుకుంటాడని ఒప్పుకునేవాళ్ళు.

అలాంటి చోటికి కొత్తగా రేంజరమ్మ వచ్చింది. అందర్నీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టింది.

"ఎండలు ముదిరిపోతున్నాయి, వానలు వేళకి రావట్లేదు. అడవిలో మోకాలి లోతు ఎండుటాకు పేరుకుపోయింది. వేసవిలో అంటుకుందంటే మంట చెట్టు తల దాకా ఎక్కుతుంది. ఆ ముసలి చెట్లు వందల ఏళ్ళుగా గాల్లోంచి కార్బన్ లాక్కుని ఒంట్లో దాచుకున్నాయి. అదంతా ఒక్క పూటలో మళ్ళీ గాల్లో కలిసిపోతుంది. చలి ఉండగానే ఆ ఆకుని మనమే చిన్న మంటతో కాల్చేద్దాం."

"బాగుంది మేడమ్" అన్నాడు పెద్దల్లుడు. "దొంగలు పడతారని మన ఇల్లు మనమే దోచుకోవాలన్నమాట."

నలుగురూ నవ్వారు. రేంజరమ్మ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "నేల మీద పాకే నిప్పు వేరు, చెట్టెక్కే నిప్పు వేరు" అంది.

"నాకు తెలిసి నిప్పంటే నిప్పే."

"ముందు నా వాటా కాల్చండి మేడమ్" అన్నాడు మూల నుంచి చిన్నల్లుడు.

అంతే, పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఆ తోడల్లుడు నోరు మూసుకుని కూర్చుని ఉంటే, సణిగి సణిగి చివరికి ఒప్పుకునేవాడేమో. ఇంక చచ్చినా ఒప్పుకోడు.

చిన్నల్లుడి వాటాలో మంట చీలమండ ఎత్తు దాటకుండా ఆకు తినేసి ఆరిపోయింది. చెట్లకి మొదట్లో మసి తప్ప ఏమీ కాలేదు. పెద్దల్లుడు వచ్చి చూశాడు. "అచ్చం మీ వంటింటి గోడలా తయారుచేశావు" అని చక్కా పోయాడు.

రేంజరమ్మ అతని వాటాకీ రోజు పెట్టింది. ఆ రోజు అతను తెల్లవారకుండానే నీళ్ళ ట్యాంకరు తోలుకెళ్ళి, నిప్పు పెట్టాల్సిన బారునా ఆకుని పైపుతో నానబెట్టేశాడు. ఇంటికొచ్చి తీరిగ్గా టీ తాగాడు. జన్మంతా నిప్పు ఆర్పినవాడు, ఇంకా పుట్టని నిప్పుని కూడా ఆర్పేసి వచ్చాడు.

రేంజరమ్మ వచ్చింది. ఎంత అంటించినా ఆకు పొగ కక్కింది గాని అంటుకోలేదు. "మంచు గట్టిగా పడినట్టుంది" అందామె. చిన్నల్లుడు ట్యాంకరు దగ్గరికి వెళ్ళి వేళ్ళతో కొట్టి చూశాడు. ముందురోజు తను నింపిన ట్యాంకరు డొల్లగా మోగింది. తలెత్తి తోడల్లుడి కేసి చూశాడు. చూస్తే చూసుకో అన్నట్టు నిలబడ్డాడు పెద్దల్లుడు. చిన్నల్లుడు పెదవి విప్పలేదు.

వెనకటి చలికాలం తాపీగా ఉండి వెళ్ళేది. ఇప్పుడది చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. ఆకు ఆరేలోపే వేడిగాలులు మొదలయ్యాయి, ఇక కాల్చడం కుదరదన్నారు. పెద్దల్లుడు క్వార్టర్సంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

నడివేసవిలో చుక్క వాన లేకుండా పిడుగు పడింది. పడటం అతని వాటాలోనే పడింది. పరిగెత్తుకెళ్ళేసరికి మంట పొదల మీంచి కొమ్మలకి, కొమ్మల మీంచి తలలకి ఎక్కిపోయింది. మంటని కొట్టడానికి పచ్చి రెమ్మ పట్టుకుని అందులోకి దూకబోయిన పెద్దల్లుణ్ణి చిన్నల్లుడు కాలరు పట్టుకుని బాట ఇవతలికి ఈడ్చాడు.

"వదలరా దొంగవెధవా!" అంటూ అతను మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లినా చిన్నల్లుడు వదల్లేదు. మంట బాట దాకా వచ్చింది. ఇవతల మసి నేల మీద దానికి తినడానికేమీ దొరకలేదు, చచ్చింది. ఆ మసి నేల వెనకున్న క్వార్టర్సు మిగిలాయి, పెద్దల్లుడి ఇల్లుతో సహా.

మర్నాడు ముసలి చెట్లు లోపల్లోపల రగులుతూ ఒకటొకటే కూలాయి. కూలినప్పుడల్లా పెద్దల్లుడు సిగ్గు విడిచి భోరున ఏడ్చాడు.

"తప్పు నాది" అంది రేంజరమ్మ బూడిదలో నిలబడి. "మంచు చూసుకోకుండా రోజు పెట్టాను. అప్పుడే కాల్చి ఉంటే ఇవి బతికేవి." చిన్నల్లుడి వైపు తిరిగింది. "అసలంత తడి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?"

చిన్నల్లుడు నేల చూశాడు. "మంచేనండి. ఇది పల్లం, ఎప్పుడూ అంతే."

పెద్దల్లుడి ఏడుపు ఠక్కున ఆగింది. చెట్లు పోయాయి, సరే. కాని రేపట్నించి గోడ అవతల ఈ మనిషి దయ మీద బతకాలా?

"మంచూ లేదు మన్నూ లేదు!" అని అరిచాడు. "ట్యాంకరు తోలింది నేను. తడిపింది నేను."

రేంజరమ్మ "రేపు ఆఫీసుకి రండి" అని మాత్రం అని, జీపెక్కి వెళ్ళిపోయింది.

"జన్మకొక్కసారి నీకు మేలు చేద్దామనుకున్నాను" అన్నాడు చిన్నల్లుడు, వాచిన పెదవి తుడుచుకుంటూ. "అదీ చెయ్యనివ్వవు కదా అన్నయ్యా."

"నీ మేలు నాకెందుకురా? తిట్టు. ఇన్నేళ్ళూ తిట్టావుగా, ఇవాళ తిట్టు."

చిన్నల్లుడు తిట్టలేదు. రగిలే మొదళ్ళు ఆర్పిన పైపు చుట్టి భుజాన వేసుకుని, ట్యాంకరు వైపు నడిచాడు.

"తిట్టరా!" అని వెనక నుంచి అరిచాడు పెద్దల్లుడు. ట్యాంకరు స్టార్టయింది.